హైదరాబాదు మంచినీటి పైపుల మరమ్మతు శ్రమ: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

నగరాల నీటి చరిత్రను ఇప్పటివరకు జలాశయాల చరిత్రగా, పథకాల చరిత్రగా, వాటిని రూపొందించిన ఇంజనీర్ల చరిత్రగా రాస్తూ వచ్చారు. పగిలిన పైపును తవ్వి వెలికితీసి, అతికి, నీటిని మళ్లీ పారించే శ్రామిక బృందాలకు ఆ చరిత్రలో చోటు దక్కలేదు. హైదరాబాదు నగర నీటి సరఫరాను ఆధారంగా తీసుకొని ఈ లోపాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. పైపు తయారీకి వాడే పదార్థం మారినప్పుడల్లా మరమ్మతు నైపుణ్యం ఎలా మారిందో, విరామ సరఫరా ఆ పనిని ఎలా ప్రభావితం చేసిందో, భూగర్భ వ్యవస్థకు సంబంధించిన జ్ఞానం ఎవరి వద్ద నిలిచిందో ఈ వ్యాసం చర్చిస్తుంది. మరమ్మతు శ్రామికుని అనుభవజ్ఞానం నగర నీటి వ్యవస్థలో ఒక భాగమనీ, దాన్ని నమోదు చేయకపోవడం చరిత్ర రచనలో లోపం మాత్రమే కాక ప్రజారోగ్య సమస్య కూడా అనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హైదరాబాదు, జలమండలి, మంచినీటి పైపులు, మరమ్మతు, సీసపు అతుకు, లైన్‌మన్, విరామ సరఫరా, శ్రామిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ఒక జలాశయం కట్టినప్పుడు శిలాఫలకం వేస్తారు. పాలకుని పేరు, ఇంజనీరు పేరు, నిర్మాణ సంవత్సరం దానిపై చెక్కుతారు. చరిత్రకారునికి అది మొదటి ఆధారం. మరమ్మతుకు అలాంటి ఫలకం లేదు. తవ్విన గొయ్యిని పూడ్చి, రోడ్డును చదును చేస్తేనే మరమ్మతు పూర్తయినట్టు లెక్క. అంటే తన ఆనవాలును తానే చెరిపివేసుకోవడం ఈ పని స్వభావంలోనే ఉంది. పని ఎంత బాగా జరిగితే దాని జాడ అంత తక్కువగా మిగులుతుంది.

తెలంగాణలో నల్లా అన్నా, కోస్తాలో కుళాయి అన్నా, అందులోంచి నీరు వచ్చినంతకాలం దాని వెనుక ఉన్న వ్యవస్థ గురించి ఎవరూ ఆలోచించరు. నీరు ఆగిన రోజునే భూమి కింద ఒక పైపు ఉందన్న విషయం గుర్తుకు వస్తుంది. ఆ రోజు రోడ్డు మధ్యలో నడుములోతు బురదనీటిలో నిలబడి పనిచేసే నలుగురైదుగురు మనుషులు కనిపిస్తారు. మర్నాటికి వారూ కనిపించరు, గొయ్యీ కనిపించదు.

ఈ వ్యాసంలో చారిత్రక, విశ్లేషణాత్మక పద్ధతులను అనుసరించడం జరిగింది. నగర నీటి పథకాల చరిత్ర, పైపుల సాంకేతిక చరిత్ర, నీటి నిలుపుదలపై వెలువడే పత్రికా ప్రకటనల స్వరూపం, నగర జలపాలనపై వెలువడిన అధ్యయనాలు దీనికి ఆధారాలు.

2. పూర్వ రచనల్లో మరమ్మతు శ్రామికులు:

నగర నీటి వ్యవస్థ గురించి లభిస్తున్న ప్రాచీన గ్రంథాల్లో ముఖ్యమైనది రోమన్ అధికారి సెక్స్టస్ జూలియస్ ఫ్రాంటైనస్ రాసినది. క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఆయనను రోమ్ నగర జలాధికారిగా నియమించాడు. తన బాధ్యతను అర్థం చేసుకోవడానికి ఆయన రాసుకున్న ఆ గ్రంథంలో కాలువల పొడవులు, నీటి కొలతలతోపాటు మరమ్మతు బృందాల వివరాలు కూడా ఉన్నాయి. అప్పటికి రోమ్‌లో రెండు బృందాలు ఉండేవి. ప్రభుత్వానికి చెందినదానిలో సుమారు 240 మంది, చక్రవర్తికి చెందినదానిలో 460 మంది. అందరూ బానిసలే. పర్యవేక్షకులు, నీటి తొట్ల కాపలాదారులు, కాలువల వెంట తిరిగి పరిశీలించేవారు, వీధి రాళ్లను తొలగించి తిరిగి పరిచేవారు, గచ్చుపని చేసేవారు అని వారిని ఆయన వర్గీకరించాడు.

ఈ వివరణలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, వీధి రాళ్లను తీసి పరిచేవారిని నీటి బృందంలో ప్రత్యేక వర్గంగా లెక్కించడం. పైపు మరమ్మతు అంటే ముందుగా రోడ్డును పగలగొట్టడం, చివరికి రోడ్డును సరిచేయడం అనే వాస్తవం 1900 ఏళ్లకు పైగా మారలేదు. రెండవది, ఈ శ్రామికులను పలుకుబడి గలవారి సొంత పనులకు తరలిస్తున్నారని ఫ్రాంటైనస్ ఫిర్యాదు చేయడం. దాన్ని అరికట్టడానికి మర్నాడు ఎవరు ఏ పని చేయాలో ముందురోజే రాసిపెట్టించి, ఏ రోజు ఏ పని జరిగిందో నమోదు చేయించే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు. మరమ్మతు పనికి దినచర్య పుస్తకం అవసరమన్న ఆలోచన అంత పాతది.

ఆధునిక కాలంలో భారతీయ నగరాల నీటి పాలనపై చెప్పుకోదగిన పరిశోధనలు వెలువడ్డాయి. ముంబయి నగరంపై నిఖిల్ ఆనంద్, లీసా బ్యార్క్‌మన్ రాసిన గ్రంథాలు, చెన్నై నీటి సంస్థలోని ఇంజనీర్లపై కారెన్ కోయిలో చేసిన అధ్యయనం వాటిలో ముఖ్యమైనవి. పటాల్లోని వ్యవస్థకూ భూమి కింద ఉన్న వ్యవస్థకూ మధ్య అంతరం ఉంటుందని, వాల్వులు తిప్పే సిబ్బందికి తెలిసిన విషయాలు కార్యాలయాల్లో దొరకవని ముంబయి అధ్యయనాల ద్వారా తెలుస్తుంది. అయితే ఇవి ప్రధానంగా నీటి హక్కు, పంపిణీ రాజకీయం, పాలనా సంస్కరణల దృష్టితో సాగినవి. మరమ్మతును ఒక వృత్తిగా, మారుతూ వచ్చిన నైపుణ్యంగా పరిశీలించవలసిన అవసరం మిగిలే ఉంది.

3. హైదరాబాదు నీటి వ్యవస్థ – చారిత్రక పొరలు:

హైదరాబాదు నీటి వ్యవస్థ ఒక్కసారిగా నిర్మితమైనది కాదు. గోల్కొండ కోటలో నీటిని పైఎత్తులకు చేర్చడానికి వాడిన మట్టి గొట్టాలు గోడల్లో నేటికీ కనిపిస్తాయి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో నిర్మించిన హుస్సేన్ సాగర్, 19వ శతాబ్ది ఆరంభంలో నిర్మించిన మీర్ ఆలం చెరువు నగరానికి తాగునీటిని అందించాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద నగర చరిత్రను మలుపు తిప్పింది. వరద నివారణకోసం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను అడ్డుకోవడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటి ఆధారాలు అయ్యాయి. ఉస్మాన్ సాగర్ నీరు రాతికట్టు కాలువ ద్వారా, పంపుల అవసరం లేకుండా, కేవలం వాలు ఆధారంగా ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి చేరేది.

నగరం పెరిగినకొద్దీ నీటి ఆధారాలు దూరమయ్యాయి. 1965లో మంజీరా తొలి దశ, 1981లో రెండో దశ, 1990 దశకం తొలి సంవత్సరాల్లో సింగూరు ఆధారంగా మూడు, నాలుగు దశలు వచ్చాయి. 2004, 2008, 2015 సంవత్సరాల్లో కృష్ణా పథకం మూడు దశలు, 2015 చివరలో ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలు నగరానికి చేరాయి. కృష్ణా, గోదావరి జలాలు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పంపుల బలంతో ఎత్తుకు ఎక్కి నగరంలోకి వస్తాయి.

పథకాల చరిత్రలో ఇది విస్తరణ క్రమం. మరమ్మతు దృష్టితో చూస్తే ఇది ఒత్తిడి పెరిగిన క్రమం. వాలు మీద పారే రాతి కాలువ చెమ్మగిల్లుతుంది, ఊట కారుతుంది, చెట్ల వేళ్లు చొచ్చుకొస్తే బీటలు వారుతుంది. అది నిదానంగా చెడుతుంది. దాన్ని బాగుచేయడానికి తాపీ మేస్త్రీ, సున్నం చాలు. ఫ్రాంటైనస్ పేర్కొన్న గచ్చుపనివారి వృత్తికి అది కొనసాగింపు. పంపు ఒత్తిడితో నీటిని మోసే పైపు అలా కాదు. అది ఒక్కసారిగా పగులుతుంది. నీరు రోడ్డును చీల్చుకొని పైకి ఎగజిమ్ముతుంది. అక్కడ తాపీ మేస్త్రీ పనితనం సరిపోదు. తీరిక చూసుకొని చేసే పని అత్యవసర విధిగా మారింది. మరమ్మతు బృందం అనే వ్యవస్థ రూపుదిద్దుకోవడానికి ఈ ఒత్తిడే మూలం.

4. పైపు పదార్థం – మరమ్మతు నైపుణ్యం:

పైపు ఏ పదార్థంతో తయారైందన్నదే దాన్ని బాగుచేసే మనిషి ఏం నేర్చుకోవాలో నిర్ణయిస్తుంది. హైదరాబాదు భూగర్భంలో వేర్వేరు కాలాలకు చెందిన పైపులు ఇప్పటికీ కలగలిసి ఉన్నందున, ఈ నైపుణ్యాలన్నీ ఒకే నగరంలో ఏకకాలంలో అవసరమవుతున్నాయి.

4.1 పోత ఇనుము – సీసపు అతుకు:

20వ శతాబ్ది పూర్వార్ధంలో నగరాల పంపిణీ పైపులకు పోత ఇనుమును వాడడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఒక పైపు చివర వెడల్పైన గిన్నెలా ఉంటే, రెండో పైపు కొన అందులో ఇమిడేది. 1785లో లండన్‌లో థామస్ సింప్సన్ రూపొందించిన ఈ అతుకు సుమారు 150 ఏళ్లపాటు రాజ్యమేలింది. హైదరాబాదు పాత బస్తీల పోత ఇనుప పైపులదీ ఈ సంప్రదాయమే.

ఈ అతుకు వేయడం నిపుణుల పని. రెండు పైపుల మధ్య సందులో ముందుగా జనపనార పేటలను ఉలితో, సుత్తితో గట్టిగా దట్టించేవారు. మిగిలిన సందు చుట్టూ బంకమట్టి తాడు చుట్టి, పైభాగంలో చిన్న రంధ్రం వదిలేవారు. కుంపటిపై కరిగించిన సీసాన్ని గరిటెతో ఆ రంధ్రంలోంచి ఒకే విడతలో పోయాలి. మధ్యలో ఆగితే ముందు పోసినది గడ్డకట్టి, తరువాత పోసినదానితో కలవదు. సీసం చల్లారాక కుదించుకుపోతుంది కనుక, అంచు చుట్టూ ఉలితో కొట్టి దాన్ని మళ్లీ బిగించాలి. ఎంత బలంగా కొట్టాలో చేతికి తెలియాలి. తక్కువైతే ఊట ఆగదు; ఎక్కువైతే పోత ఇనుము పెళుసు కనుక గిన్నె పగులుతుంది.

కొత్త పైపు వేసేటప్పుడు ఈ పని పొడి కందకంలో జరుగుతుంది. మరమ్మతులో కందకం తడిగా ఉంటుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ వేడి లోహం నీటి చుక్కను తాకితే క్షణంలో ఆవిరి పుట్టి, కరిగిన సీసం పైకి చిమ్ముతుంది. గోతిలో కూర్చొన్న మనిషి తప్పించుకోవడానికి చోటుండదు. అందుకే సందును పూర్తిగా ఆరబెట్టడం ఆ పనిలో మొదటి పాఠం. ఆరబెట్టడం సాధ్యం కానప్పుడు సన్నని సీసపు పోగులను చల్లగానే దట్టించే పద్ధతిని వాడేవారు. దానికి శ్రమ, సమయం ఎక్కువ. సీసపు పొగలు శరీరంలో చేరి నరాలను, రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఇతరుల మంచినీటికోసం కొందరు తమ ఆరోగ్యాన్ని చెల్లించిన వృత్తి అది.

4.2 ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు:

పెద్ద వ్యాసం గల ప్రధాన పైపులకు ఇనుము ఖరీదైనదిగా భావించిన కాలంలో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు పైపులు వచ్చాయి. మంజీరా రెండో దశలో వీటిని వాడారు. కాంక్రీటు గొట్టం చుట్టూ బిగించిన ఉక్కు తీగలే వీటి బలం. తీగలు తుప్పుపట్టి తెగితే పైపు పెద్ద శబ్దంతో బద్దలవుతుంది. దీనికి సీసపు అతుకు వేసే నైపుణ్యం ఉపయోగపడదు, వెల్డింగు కుదరదు. పాడైన ముక్కను తొలగించి, ఆ స్థానంలో ఉక్కు పైపును అమర్చడం లేదా అతుకు చుట్టూ ఉక్కు పట్టీలు బిగించి కాంక్రీటు పోయడం తప్ప మార్గం లేదు. దాంతో చేతి ఉలి స్థానాన్ని క్రేను ఆక్రమించింది.

4.3 ఉక్కు, డక్టైల్ ఇనుము:

దూరప్రాంతాల నుంచి నీటిని తెచ్చే ప్రధాన పైపుల్లో ఉక్కుకు ప్రాధాన్యం పెరగడంతో మరమ్మతు బృందంలో వెల్డరు కేంద్రస్థానానికి వచ్చాడు. పెద్ద పైపును బయటినుంచే కాక లోపలినుంచి కూడా అతకాలి. అందుకు మనిషి పైపులోకి దిగాలి. లోపల చెమ్మ, వేడి, పొగ, విద్యుత్ తీగ ఒకేచోట ఉంటాయి. గాలి తక్కువ. సీసపు పొగల ప్రమాదం పోయినా, కొత్త ప్రమాదం వచ్చి చేరింది.

పంపిణీ పైపుల్లో డక్టైల్ ఇనుము, రబ్బరు రింగు అతుకు ప్రవేశించాయి. గిన్నెలో రబ్బరు రింగు పెట్టి పైపు కొనను నెడితే అతుకు సిద్ధమవుతుంది. సీసంతో గంటల తరబడి చేసిన పని నిమిషాల్లోకి కుదిరింది. ఈ మార్పును సాంకేతిక ప్రగతిగా చెప్పడం సహజం. కాని అతుకు వేయడం సులువైనంత మాత్రాన తవ్వడం సులువు కాలేదు. జేసీబీ వచ్చిన తరువాత కూడా విద్యుత్, టెలిఫోన్ కేబుళ్లు ఉన్నచోట చివరి రెండడుగుల మట్టిని గునపంతో, పారతోనే తీయాలి. నైపుణ్యానికి గుర్తింపు తెచ్చే భాగం తగ్గిపోయి, గుర్తింపులేని భాగం అలాగే మిగిలింది. సీసం పనివానికి ఉండిన వృత్తి గౌరవం రబ్బరు రింగు అమర్చేవానికి దక్కకపోవడానికి కారణం ఇదే.

5. విరామ సరఫరా – మరమ్మతుపై ప్రభావం:

హైదరాబాదులో అనేక ప్రాంతాలకు నీరు రోజంతా రాదు. రోజు విడిచి రోజు, కొన్ని గంటలపాటే వస్తుంది. ఈ విరామ సరఫరా మరమ్మతు పనిని మూడు విధాలుగా ప్రభావితం చేస్తుంది.

మొదటిది, పైపు పగలడానికి అదే ఒక కారణం. ఖాళీ పైపులోకి నీరు దూసుకొచ్చినప్పుడు లోపలి గాలి చిక్కుకుపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది. వాల్వును తొందరపడి తిప్పితే ఆ తాకిడికి పాత అతుకులు వదులవుతాయి. కాబట్టి వాల్వును నిదానంగా తిప్పే లైన్‌మన్ చేతిలోనే తొలి మరమ్మతు ఉంది. అతడు బాగా పనిచేస్తే పగులు పుట్టదు. పుట్టని పగులుకు లెక్క ఉండదు కనుక ఆ పనికి ఏ రికార్డులోనూ చోటు లేదు.

రెండవది, లీకును కనిపెట్టే సమయం కుంచించుకుపోతుంది. పైకి కనిపించని లీకును వెతకడానికి ఇనుప కడ్డీ ఒక కొనను పైపుపై లేదా వాల్వుపై ఆనించి, రెండో కొనకు చెవి పెట్టి వినడం పాత పద్ధతి. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చినా ఆధారం ధ్వనే. పైపులో నీరు ఉన్నప్పుడే ధ్వని ఉంటుంది. వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అది వినబడుతుంది. నీరు వచ్చే గంటలు, నిశ్శబ్దపు గంటలు కలిసే వేళ చాలా తక్కువ.

మూడవది, ప్రజారోగ్యానికి సంబంధించినది. నీరు నిండుగా ఉన్న పైపులోంచి లీకు ద్వారా నీరు బయటికి పోతుంది. ఖాళీ అయిన పైపులోకి అదే రంధ్రం ద్వారా బయటి మురుగు లోపలికి వస్తుంది. మంచినీటి పైపు, మురుగు పైపు పక్కపక్కనే సాగే ఇరుకు బస్తీల్లో ఈ ప్రమాదం ఎక్కువ. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత తాగునీటి వల్ల పలువురు మరణించిన ఘటన నగర స్మృతిలో ఇంకా ఉంది. పైపు మరమ్మతు అనేది నీటి వృథాను ఆపే పని మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా అని అలాంటి ఘటనలు చాటుతాయి. అతుకు వేయడంతో పని అయిపోదు. గోతిలోని బురద పైపులోకి వెళ్లకుండా చూడాలి; తరువాత మొదటి నీటిని బయటికి వదలాలి; క్లోరిన్ కలిపి శుద్ధి చేయాలి. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం సూచిస్తుంది. నీరు త్వరగా ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మొదట కోతపడేది ఈ చివరి దశలకే.

6. లైన్‌మన్ జ్ఞాపకం:

పైపు పగిలిన వెంటనే చేయవలసిన మొదటి పని తవ్వడం కాదు, సరైన వాల్వును మూయడం. ఆ వాల్వు ఎక్కడుంది? ఈ చిన్న ప్రశ్నలో నగర చరిత్ర ఇమిడి ఉంది. రోడ్డుపై తారు పొర వేసిన ప్రతిసారీ వాల్వు మూత మరికొంత లోతుకు పోతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒకనాడు అంచున ఉన్న పైపు నడిరోడ్డులోకి వస్తుంది. 2017లో ప్రారంభమైన మెట్రో రైలుకోసం స్తంభాలు వేసినప్పుడు అనేకచోట్ల భూగర్భ పైపుల దారి మార్చవలసి వచ్చింది. 2007లో పన్నెండు పురపాలక సంఘాలను కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పరచినప్పుడు, వేర్వేరు చేతుల్లో పెరిగిన పైపుల అల్లికలు ఒకే నగరం పరిధిలోకి వచ్చాయి.

ఈ మార్పులన్నిటినీ పటాలు వెంటవెంటనే పట్టుకోలేవు. పట్టుకొనేది ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి తిరిగిన లైన్‌మన్. ఏ వాల్వు పూర్తిగా మూసుకోదో, ఏ వీధి చివరి ఇంటికి నీరు ఎంతసేపటికి చేరుతుందో, ఏ పైపుకు గతంలో ఎక్కడ అతుకు వేశారో అతనికి గుర్తు ఉంటుంది. పగులు వార్త వినగానే గుంత ఎక్కడ తవ్వాలో సగం నిర్ణయం అతని మనసులోనే జరిగిపోతుంది.

కంప్యూటరు పటాలు వచ్చిన తరువాత ఈ జ్ఞాపకంతో అవసరం తీరిపోయిందని వాదించవచ్చు. పటం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే పటం పైపు ఉన్న చోటును చెబుతుంది. పైపు ఉన్న స్థితిని చెప్పదు. ఆ స్థితిని తెలిపే సమాచారం మరమ్మతు చేసినవాని నుంచే పటంలోకి చేరాలి. గోతిలో ఏం కనిపించిందో, పైపు గోడ ఎంత పలుచబడిందో, పక్కన మురుగు పైపు ఎంత దూరంలో ఉందో గొయ్యి పూడ్చకముందే రాసుకోవాలి. ఫ్రాంటైనస్ దినచర్య పుస్తకం ఏ పని జరిగిందో నమోదు చేసింది. నేటి నగరానికి ఏం కనిపించిందో కూడా నమోదు చేసే పుస్తకం కావాలి. కాబట్టి లైన్‌మన్ జ్ఞాపకాన్ని, పటాన్ని పరస్పర ప్రత్యామ్నాయాలుగా చూడడం సరికాదు. మొదటిది లేనిదే రెండోది పాతబడిపోతుంది.

7. నీటి నిలుపుదల ప్రకటన – ఒక చారిత్రక ఆధారం:

శ్రామికులు రాసిన పత్రాలు లేనప్పుడు పరోక్ష ఆధారాలను వెతకవలసి ఉంటుంది. దినపత్రికల్లో తరచుగా కనిపించే నీటి నిలుపుదల ప్రకటన అలాంటిది. దాని నిర్మాణం దాదాపు స్థిరం. ఏ పథకం, ఏ దశ, పైపు వ్యాసం ఎంత, లీకు ఎక్కడ, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు సరఫరా ఉండదు అనే వివరాలు ముందుంటాయి. తరువాత నీరందని ప్రాంతాల జాబితా, నీటిని పొదుపుగా వాడుకోవాలన్న విజ్ఞప్తి వస్తాయి.

ఈ ప్రకటనలో నిలుపుదల గడువు 24 గంటలో, 36 గంటలో ఉండడం చూసి పాఠకుడు విసుక్కోవడం సహజం. ఆ గంటల వెనుక ఒక లెక్క ఉంది. రెండు మీటర్ల వ్యాసం గల పైపులో ఒక కిలోమీటరు పొడవున సుమారు 31 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. వెల్డింగు చేయాలంటే పంపులు ఆపి, రెండు వాల్వుల మధ్య ఉన్న నీటినంతా బయటికి వదలాలి. తరువాత తవ్వకం, కోత, అతుకు, పరీక్ష. చివరికి గాలి బయటికి పోయేలా నిదానంగా నింపాలి. నింపడంలో తొందరపడితే కొత్త పగులు పుట్టవచ్చు. నీరు తిరిగి వచ్చినా ఎత్తయిన ప్రాంతాలకు, పైపు చివరన ఉన్న వీధులకు ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల ప్రకటనలోని గడువు అందరికీ ఒకేలా ముగియదు.

పాత పత్రికల్లోని ఈ ప్రకటనలను సంవత్సరాల వారీగా సేకరిస్తే ఏ పైపు ఎన్నిసార్లు పగిలిందో, ఏ ప్రాంతాలు మళ్లీ మళ్లీ జాబితాలోకి వచ్చాయో, మరమ్మతు గడువు పెరిగిందో తగ్గిందో తేల్చవచ్చు. చరిత్ర విద్యార్థికి ఇది విలువైన సామగ్రి. అయితే ఒక్క విషయం మాత్రం ఇందులో దొరకదు. మరమ్మతు పనులు ‘చేపట్టబడతాయి’. చేపట్టేవారు ఎవరో వాక్యంలో ఉండరు. కర్మణి ప్రయోగం కర్తను దాచిపెట్టింది. పైపుకు వ్యాసం, వయస్సు, పేరు ఉన్నాయి; దాన్ని బాగుచేసే మనిషికి అవేవీ లేవు.

8. ఉద్యోగం నుంచి కాంట్రాక్టుకు:

1989 నవంబరు 1న హైదరాబాదు మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి, అంటే జలమండలి, ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడింది. అంతకు పూర్వం ఈ పనులు ప్రభుత్వ శాఖల కింద జరిగేవి. 1990 దశకంలో దేశవ్యాప్తంగా వచ్చిన పాలనా సంస్కరణల్లో భాగంగా నగర సేవలను సిబ్బందితో కాక కాంట్రాక్టర్లతో చేయించే ధోరణి బలపడింది. తవ్వకం, యంత్రాలు, పైపుల అమరిక వంటి పనులు కాంట్రాక్టు పరిధిలోకి వచ్చాయి.

మట్టిపని తెలంగాణ గ్రామీణ చరిత్రతో ముడిపడి ఉంది. దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్విన పాలమూరు వలస కూలీలు, తరతరాలుగా మట్టిపని, రాతిపని చేసిన వడ్డెరలు ఈ శ్రమకు ప్రసిద్ధులు. గడ్డపార పట్టినవారితోపాటు మట్టితట్టలు ఎత్తిపోసిన స్త్రీలనూ ఈ చరిత్రలో భాగంగానే చూడాలి. కాంట్రాక్టు పద్ధతిలో ఒక గోతిలో పనిచేసినవారు మరుసటి గోతికి ఉండకపోవచ్చు. పని పూర్తికాగానే బిల్లు మిగులుతుంది. గోతిలో చూసిన విషయం వారితోనే వెళ్లిపోతుంది.

భద్రత విషయంలోనూ ఇదే చీలిక. 1.5 మీటర్లకు మించిన లోతు కందకాలకు పక్కలు కూలకుండా ఆధారాలు కట్టాలని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. నీటితో నానిన మట్టి ఎప్పుడైనా కూలవచ్చు. అయితే అత్యవసరంగా, రాత్రివేళ, ట్రాఫిక్ మధ్య తవ్వే గోతికి ఆధారాలు కట్టే తీరిక ఎవరికుంటుంది? ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో నిర్ణయించడం కూడా కాంట్రాక్టు పద్ధతిలో జటిలమవుతుంది. 2025 వరకు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కార్మికులకు కనీస సౌకర్యాలు కల్పించాలని, కాంట్రాక్టరు కల్పించకపోతే ప్రధాన యజమాని కల్పించాలని చెప్పింది. రాత్రికి రాత్రే తవ్వి పూడ్చే గోతిలో ఆ హక్కును ఎవరు, ఎప్పుడు తనిఖీ చేస్తారన్నది అసలు ప్రశ్న.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా కింది అంశాలను గుర్తించవచ్చు.

• హైదరాబాదు నీటి వ్యవస్థ వాలు కాలువల నుంచి పంపు ఒత్తిడితో పనిచేసే పైపులకు మారడంతో, మరమ్మతు అనేది నిదానంగా సాగే తాపీ పని నుంచి అత్యవసర బృంద శ్రమగా మారింది.

• పోత ఇనుము, కాంక్రీటు, ఉక్కు, డక్టైల్ ఇనుము – ఒక్కో పదార్థం ఒక్కో నైపుణ్యాన్ని తెచ్చింది, ఒక్కో ప్రమాదాన్నీ తెచ్చింది. అతుకు వేసే పని సులువైనా తవ్వకపు శ్రమ తగ్గలేదు.

• విరామ సరఫరా ఉన్న నగరంలో పైపు మరమ్మతు నేరుగా ప్రజారోగ్యంతో ముడిపడిన పని.

• భూగర్భ వ్యవస్థ జ్ఞానం చాలావరకు లైన్‌మన్ అనుభవంలో ఉంది. కాంట్రాక్టు పద్ధతి గోతిలో చూసే కన్నును, వ్యవస్థను గుర్తుంచుకొనే మనసును వేరుచేసింది.

• నీటి నిలుపుదల ప్రకటనలు ఈ చరిత్రకు ఉపయోగపడే ఆధారాలు. అయితే వాటిలో శ్రామికుడు కనిపించడు.

ఈ దిశలో చేయవలసిన పరిశోధన చాలా ఉంది. పదవీ విరమణ చేసిన లైన్‌మన్ల, సీసం పనివారి మౌఖిక చరిత్రలను సేకరించడం అందులో మొదటిది. సీసపు అతుకు వేసిన చేతులు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నాయి. ఆ పనిని వర్ణించగలిగిన తరం ఎంతోకాలం ఉండదు. పనిలో వారు వాడిన తెలుగు, ఉర్దూ మాటలను సేకరించి వృత్తిపదకోశంగా కూర్చడం భాషాశాస్త్ర విద్యార్థులు చేపట్టదగిన పని. ఉస్మాన్ సాగర్ గట్టు మీద నిలబడినవారికి దాన్ని కట్టించినవారి పేర్లు చరిత్ర గ్రంథాల్లో దొరుకుతాయి. ఆ నీరు శతాబ్దికి పైగా నగరానికి చేరుతూ ఉండడానికి కారకులైనవారి పేర్లు కూడా చరిత్రలో దొరకాలి. వారు బాగుచేసిన పైపులు ఆ వీధుల కింద ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.